డోలు ఆపనివాడు

తాన్ దెచింగ్ పడవ మీద డోలు కొట్టేవాడు. యాంగ్‌జీ నది కొండల ఇరుకులోంచి విరుచుకుపడే తావుల్లో పెద్ద పడవ ఏదీ తెరచాపతోనో తెడ్లతోనో పైకి ఎక్కదు. ఒడ్డున రాళ్ల మీద మనుషులు వరసకట్టి, వెదురు మోకు భుజాలకు తగిలించుకుని ఈడ్చాలి. ఆ మోకు పొడవుకి పడవలో వేసిన కేక వాళ్ల దాకా చేరదు, నీటి హోరు దారిలోనే మింగేస్తుంది. వాళ్లకు వినిపించేది డోలొక్కటే. వడివడిగా మోగితే లాగాలి. ఆగి ఆగి మోగితే కాళ్లు తన్నిపెట్టి బిగబట్టాలి. మూగబోతే మాత్రం మోకు వదిలేసి నేలను కరుచుకోవాలి. పడవ వెనక్కి పోతోందని దాని అర్థం. వదలని వాణ్ని మోకు నీళ్లలోకి లాక్కుపోతుంది.

అతని తండ్రి కూడా డోలే కొట్టాడు. ఒక చలికాలం పడవతో పాటే పోయాడు. అప్పటికి దెచింగ్ మోకు లాగే వయసులో ఉన్నాడు, తమ్ముడు ఇంకా తల్లి కొంగు పట్టుకు తిరుగుతున్నాడు. పెళ్లయిన రెండో ఏడే దెచింగ్ భార్య పురిట్లో బిడ్డతో సహా చనిపోయింది. మళ్లీ పెళ్లి మాట ఎవరెత్తినా, చూద్దాంలే అనేవాడు తప్ప చూడలేదు. తమ్ముడికి మాత్రం తనే ముందు నిలబడి సంబంధం కుదిర్చి, పెళ్లి చేశాడు.

తమ్ముడి అసలు పేరు ఇంట్లోవాళ్లు కూడా మరిచిపోయారు. పుట్టినప్పుడే నల్లగా ఉన్నాడని హేవా అన్నారు. అంటే నల్లోడని. అదే నిలిచిపోయింది. ఎడమ చెవి సగం ఉండదు. పసితనంలో పంది కొరికిందట. మోకు రాళ్ల మధ్య చిక్కుకున్నప్పుడు కోతిలా బండల మీద పాకి దాన్ని విడిపించే పని అతనిది. మంచు పడే రోజుల్లో కూడా మొలకు గుడ్డ లేకుండానే తిరిగేవాడు, ఏ క్షణాన నీళ్లలోకి దూకాల్సి వస్తుందో తెలియదు కనక. ఆ పనిలో ముసలివాళ్లు ఉండరు.

గ్వాంగ్‌షు చక్రవర్తి ఏలుబడి చివరి రోజుల్లో, ఒక చలికాలం, అన్నదమ్ములిద్దరూ సరంగు పెంగ్ పడవలో కుదిరారు. యిచాంగ్ రేవు నుంచి కుయ్‌ఝౌ దాకా ఒక తెల్లదొరను చేర్చాలి. ఆ దొర పేరు నోరు తిరగక అందరూ హువో దొర అనేవాళ్లు. వ్యాపారం లేదు, మతం చెప్పేవాడూ కాదు. జనం ఎలా బతుకుతారో చూడటానికి వచ్చాడని అతని దుబాసీ హాన్ చెప్పాడు. హాన్ వంట కూడా చేసేవాడు.

"చూడటానికా?" అన్నాడు హేవా. "మనల్నా? వాళ్ల దేశంలో చూడటానికి ఇంకేం దొరకలేదా?"

"నోర్మూసుకుని మోకు చుట్టు," అన్నాడు సరంగు పెంగ్.

దొర నిజంగానే చూసేవాడు. కూలీలు అన్నం తింటుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చునేవాడు. గిన్నె మూతికి ఆనించి ఎందుకు తింటారు, వేణ్నీళ్లే ఎందుకు తాగుతారు, పడవ ముందు భాగాన కోడిపుంజు రక్తమూ ఈకలూ ఎందుకు అంటించారు, అన్నీ కావాలి. అడిగిందల్లా రాసుకునేవాడు. హేవాకు అదొక ఆట అయింది. రోజూ పొద్దున్నే దొర బయటికి రాగానే ఎదురెళ్లి, "తిన్నారా దొరా?" అని పలకరించేవాడు. దొర ఆగి, హాన్‌ను పిలిచి, రెండు గుడ్లు తిన్నాననీ, రొట్టె పాచిపోయిందనీ, కడుపులో కొంచెం మంటగా ఉందనీ వివరంగా చెప్పించేవాడు. కూలీలు పొట్టలు పట్టుకునేవాళ్లు.

"అన్నా, దొర ముక్కు చీదిన గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నా కళ్లతో చూశాను."

"ఇంటికి పట్టుకెళ్తాడేమోలే."

"వాళ్లావిడకి చూపించడానికా?"

దెచింగ్ నవ్వేవాడు. తమ్ముడు పక్కనుంటే అతనికి నవ్వు తేలిగ్గా వచ్చేది. తనంతట తాను నవ్వే మనిషి కాదు.

ఒక్కసారి మాత్రం ఎవరూ నవ్వలేదు. హాన్ చేప వండి పెట్టాడు. దొర ఒక పక్క మాంసం అయిపోగానే చేపను బోర్లా తిప్పాడు. చేప తిరగబడితే పడవా తిరగబడుతుందని, పడవలో ఆ పని ఎవరూ చేయరు. ఆ మాట కూడా అనరు. సరంగు ముఖం మాడిపోయింది. అగరువత్తులు వెలిగించి నదికి దండం పెట్టుకున్నాడు. దొర అదీ రాసుకున్నాడు.

షిన్‌తాన్ దగ్గరికి చేరేసరికి నీరు బాగా తగ్గి ఉంది. మిగతా చోట్ల నీరు తగ్గితే నది నెమ్మదిస్తుంది. షిన్‌తాన్‌లో కోరలు బయటపెడుతుంది. కొండ విరిగిపడ్డ బండల మీదుగా నది మెట్లు దిగినట్టు దూకుతుంది. అక్కడ సామాను మొత్తం దించేసి, మనుషులు ఒడ్డున నడిచి, ఖాళీ పడవను పైకి లాగించుకుంటారు. కింది ఊరి నుంచి అదనపు మనుషుల్ని కూడా పెట్టుకుంటారు.

దొర దిగనన్నాడు.

సరంగు చేతులు కట్టుకుని బతిమాలాడు. "దొరవారికి చెప్పు హాన్. ఇక్కడ జిల్లా అధికారి అయినా దిగి నడుస్తాడు. సిగ్గేం లేదు."

హాన్ అటూ ఇటూ మాట్లాడి వచ్చాడు. "మీరు ఎలా చేస్తారో పడవలోంచే చూస్తాడట. అందుకే ఇంత దూరం వచ్చాడట. తన పెట్టెలు కూడా దించొద్దంటున్నాడు. పోయినసారి ఎవరో దించితే తడిసిపోయాయట."

"ఆయనకేమైనా అయితే మా ఊళ్లు తగలబెడతారు. అది కూడా చెప్పావా?"

"చెప్పాను. తనకి ఈత వచ్చట."

సరంగు ఉమ్మేసి వెళ్లిపోయాడు. ఒడ్డున మోకు మేస్త్రి ముసలి షియోంగ్ తన మనుషుల్ని వరసలో నిలబెడుతున్నాడు. హేవా పడవ అంచు మీదుగా ఒడ్డుకు దూకబోతూ, అన్న భుజం మీద చరిచాడు. "రేపు మనింటి ముందు నుంచే పోతాం. అమ్మ రొట్టెలు పట్టుకుని రేవులో ఉంటుంది. నీ వాటా కూడా నాకే."

"పోరా, పని చూడు."

దెచింగ్ డోలు అందుకున్నాడు.

మొదటి మెట్టు ఎక్కింది. రెండో మెట్టు సగం ఎక్కాక పడవ కదలడం మానేసింది. పడవ కింద నీరు పరుగెడుతోంది, పడవ మాత్రం మేకు కొట్టినట్టు ఉంది. పైన మోకు ఒక బండ అంచుకు పట్టేసింది. ఆ మోకు మీద ఎంత బిగువు ఉందంటే, దానిలోంచి నీటి చుక్కలు వాటంతట అవే చిట్లుతున్నాయి. దెచింగ్ ఆగి ఆగి కొట్టాడు. పైన మనుషులు చేతులు నేలకు తగిలేంత వంగి బిగబట్టారు. హేవా బండ మీదికి పాకడం పడవలోంచి కనిపించింది. వీపు ఆనించి, రెండు కాళ్లతో మోకును తన్నాడు. మళ్లీ తన్నాడు.

మోకు ఊడింది. ఊడిన ఊపుకి కొరడాలా లేచి అతన్ని నడుము దగ్గర కొట్టింది. హేవా గాల్లోకి లేచి, పడవకూ ఒడ్డుకూ మధ్య తెల్లటి నురగలో పడ్డాడు.

మోకు విడిపోయిన మరుక్షణం పడవ లాగాల్సిందే. లేకపోతే వదులైన మోకు మళ్లీ బిగిసే కుదుపుకి, భుజాల నుంచి విప్పుకునే వ్యవధి కూడా లేకుండా, వరస మొత్తం నదిలోకి పోతుంది. దెచింగ్ చేతులు ఆ సంగతి అతని కంటే ముందే పట్టుకున్నాయి. డోలు వడివడిగా మోగింది. పైన అంతమంది ఒక్కసారి ముందుకు పడ్డారు. పడవ ముక్కు పైకి లేచింది.

హేవా తల నీటి పైన కనిపించింది. మునిగింది. మళ్లీ పడవ పక్కనే, చెయ్యి చాచితే అందుతుందనిపించేంత దగ్గరగా తేలింది. ముఖం ఇటే ఉంది. ఒక చెయ్యి పైకి ఉంది. నోరు తెరిచి ఉంది. దెచింగ్ ఆ ముఖంలోకే చూస్తూ డోలు కొట్టాడు.

దొర లేచి వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. ఏదో అరుస్తున్నాడు. ఆపమనేనని వేరే చెప్పక్కర్లేదు. దెచింగ్ ఆ చేతిని విదిలించుకుని రెండో చేత్తో కొట్టాడు. దొర డోలునే లాగబోయాడు. సరంగు వచ్చి నడుం పట్టుకుని దొరను వెనక్కి ఈడ్చి, పెట్టెల మధ్య కూలేసి మీద కూర్చున్నాడు. దొర అంతటి వాడి మీద కూర్చోవడం ఏమిటని ఆ క్షణాన సరంగుకు కూడా తోచలేదు.

దెచింగ్ తిరిగి చూసేసరికి నీళ్ల మీద నురగే ఉంది. కింద మడుగులో ఎర్రపడవ వాళ్లు, మునిగినవాళ్లను తీయడానికి అక్కడే కాచుకుని ఉండేవాళ్లు, తెడ్లు వేసుకుంటూ అటూ ఇటూ తిరిగారు. పడవ మూడో మెట్టు ఎక్కి, పై రేవులో తాళ్లు కట్టే దాకా డోలు ఆగలేదు.

కూలీలు ఒక్కొక్కరే పడవలోకి వచ్చారు. కుండలో అన్నం ఉడుకుతోంది. ఎవరి గిన్నె వాళ్లు తీసుకుని తలా ఒక చోట కూర్చున్నారు. రోజూ దెచింగ్ పక్కన చోటు దొరికేది కాదు, ఆ రోజు ఖాళీగా ఉంది. అతను చేసింది తప్పని ఎవరూ అనలేదు. అతను డోలు ఆపి ఉంటే తాము ఏమయ్యేవాళ్లో వాళ్లకు తెలుసు. అయినా అటు పక్కకు ఎవరూ రాలేదు. వెనకెక్కడో ఒకడు గొణిగాడు, చేపను తిరగేసిన రోజే అనుకున్నానని.

కింద నుంచి ఎర్రపడవ మనిషి ఒకడు ఒడ్డు వెంబడి నడిచొచ్చి, ఏమీ దొరకలేదని చెప్పి వెళ్లాడు.

దొర తన గదిలో కూర్చుని ఏడుస్తున్నాడు. గది తలుపు తెరిచే ఉంది, అందరికీ కనిపిస్తోంది. పెద్దవాడు, గడ్డం ఉన్నవాడు, పసిపిల్లాడిలా వెక్కిళ్లు పెడుతున్నాడు. దెచింగ్ చాలాసేపు అటే చూశాడు. కోపం రాలేదు. ఒక రకమైన అసూయ లాంటిది కలిగింది. ఆ మనిషికి ఏడవటానికి తీరిక ఉంది, చోటు ఉంది.

కాసేపటికి దొర కళ్లు తుడుచుకుని హాన్‌ను వెంటబెట్టుకుని బయటికి వచ్చాడు. దెచింగ్ లేచి నిలబడ్డాడు.

"దొర అడుగుతున్నాడు," అన్నాడు హాన్, నేల చూపులు చూస్తూ. "పోయినవాడు నీకేమైనా అవుతాడా అని."

దెచింగ్ చిరునవ్వు నవ్వాడు. ఇంట్లో చావు జరిగిందని పైవాళ్లకు చెప్పేటప్పుడు ముఖం వేలాడేసుకుంటే మన బరువు తీసుకెళ్లి వాళ్ల నెత్తిన పెట్టినట్టే. తండ్రి పోయినప్పుడు తల్లి పడవ యజమాని ముందు అలాగే నవ్వడం చూశాడు. అది నవ్వు కాదని చూసినవాళ్లందరికీ తెలుసు.

"మా తమ్ముడండి," అన్నాడు. "చిన్నవాడు. దొరవారి ప్రయాణంలో ఇలాంటి అపశకునం జరిగింది. మన్నించమని చెప్పు."

హాన్ చెప్పాడు. దొర దెచింగ్ నవ్వు వంకే చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు. దెచింగ్‌కు ఏం చేయాలో తోచక ఇంకొంచెం నవ్వాడు. దొర ఏదో అని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

"ఏమన్నాడు?"

"ఏం లేదులే."

"చెప్పు హాన్."

హాన్ తల గోక్కున్నాడు. "మీ దేశంలో మనుషులకి గుండె ఉండదని చదివాను, ఇప్పటిదాకా నమ్మలేదు అన్నాడు. పట్టించుకోకు. వాళ్లకేం తెలుసు?"

"ఊఁ," అన్నాడు దెచింగ్.

మర్నాడు డోలు ఇంకొకడు కొట్టాడు. దెచింగ్ డోలు కొడితే తను వినలేనని దొర కబురు చేశాడు. సరంగు పెంగ్ దెచింగ్‌ను పక్కకు పిలిచి, మీ ఊరి రేవులో దిగిపొమ్మన్నాడు.

"ఎలాగూ అమ్మకి చెప్పాలి కదా," అన్నాడు. "నీ తప్పేం లేదురా. నేనున్నా అదే చేసేవాణ్ని."

"నీ తమ్ముడు కాదుగా," అన్నాడు దెచింగ్.

షియాంగ్‌షి వాగు నదిలో కలిసే చోట వాళ్ల రేవు. మధ్యాహ్నానికి పడవ ఆ మలుపు తిరిగింది. తల్లి ముందే వచ్చి నిలబడి ఉంది, పక్కన హేవా పెళ్లాం సాంగ్‌యే. ఇద్దరి చేతుల్లోనూ బుట్టలున్నాయి. పెంగ్ పడవ తెరచాపకు నీలం అతుకు ఉంటుంది, దాన్ని తల్లి ఎంత దూరం నుంచైనా పోల్చుకుంటుంది. ఆమె చూపు ముందు డోలు దగ్గరికి వెళ్లింది. అక్కడ వేరేవాడు ఉన్నాడు. ఒడ్డున మోకు లాగుతున్న వరసలోకి వెళ్లింది. తర్వాత బండల మీదికి వెళ్లింది, అక్కడ మోకు విడిపిస్తున్నది ఎవరో కొత్తవాడు.

దెచింగ్ దిగి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఏడీ వాడు?"

"షిన్‌తాన్‌లో, అమ్మా. రెండో మెట్టు దగ్గర. ఒకే దెబ్బకి మునిగిపోయాడు. బాధ పడలేదు."

సాంగ్‌యే బుట్ట పడేసి రాళ్ల మీద కూలబడింది. తల్లి పడిపోలేదు. "దొరికాడా?" అని అడిగింది.

"లేదు."

"నువ్వెక్కడున్నావు?"

"డోలు దగ్గర."

తల్లి అతని చేతుల వంక చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో అతనికి తెలియదు. తర్వాత ఆమె బుట్ట మీది గుడ్డ తీసి, ఒడ్డున కూలబడి ఊపిరి పీల్చుకుంటున్న కూలీల దగ్గరికి వెళ్లింది. జొన్నపిండి రొట్టెలు, ఊరవేసిన కూర. ఒక్కొక్కరి చేతిలో పెడుతూ వచ్చింది. "తినండి. ఇంకా చాలా దూరం పోవాలిగా. తిను నాయనా." వాళ్లు తలలు దించుకుని తీసుకున్నారు. ముసలి షియోంగ్ రొట్టె పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. సాంగ్‌యే చేతిలోంచి పడ్డ రొట్టెలు కూడా తల్లి ఏరి, దుమ్ము దులిపి, పంచేసింది.

పడవలో దొర నిలబడి ఇదంతా చూశాడు. చూసి ముఖం తిప్పుకున్నాడు. మళ్లీ ఎవరూ అతన్ని అక్కడ చూడలేదు.

శవం లేని చావుకు చేయాల్సినవి చేశారు. తల్లి హేవా పాత చొక్కా ఒక వెదురు కర్రకు తగిలించి, షిన్‌తాన్ కింది ఒడ్డుకు నడిచి వెళ్లి, నీటి వైపు తిరిగి పిలిచింది. "హేవా, ఇంటికి రారా. నీళ్లు చల్లగా ఉన్నాయి, ఇంటికి రా. దారి ఇటు." పిలుస్తూ వెనక్కి తిరగకుండా ఇంటిదాకా వచ్చింది. దెచింగ్ ఆత్మకు దారి చూపే తెల్ల కోడిపుంజును చంకలో పెట్టుకుని వెనకే నడిచాడు. ఆ చొక్కానే పెట్టెలో పెట్టి పూడ్చారు.

వసంతం వచ్చాక తల్లి కోడలితో మాట్లాడింది. దెచింగ్ గోడవతల పందులకు నీళ్లు పెడుతున్నాడు, అన్నీ వినిపించాయి.

"నీకు వయసుంది. ఎవడో ఒకడి ఇంటికి పోతావు. ఎవడో తెలీనివాడి చాకిరీ చేసేకంటే, పెద్దోడు ఇంట్లోనే ఉన్నాడు. మంచీ చెడ్డా తెలిసినవాడు. మన కొండల్లో అందరూ చేసేదే."

సాంగ్‌యే వెంటనే కాదనలేదు. "పెద్దాయన్ని ఒక మాట అడిగి చెప్తానత్తా," అంది.

సాయంత్రం అతను పెరట్లోకి వచ్చేసరికి ఆమె పందులకు ఆకు తరుగుతోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"బావగారూ, ఒకే దెబ్బకి మునిగిపోయాడని అందరికీ చెప్పారు. నిజమేనా?"

అబద్ధం చెప్పడం అతనికి కష్టం కాదు. తల్లికి చెప్పాడు, ఊరికి చెప్పాడు, దుబాసీ ముందు నవ్వాడు. కానీ ఈ మనిషి ఆ ప్రశ్నను ఎన్నాళ్లుగా దాచుకుందో అతనికి అర్థమైంది.

"కాదు."

కత్తి ఆగింది.

"రెండుసార్లు తేలాడు. రెండోసారి పడవ పక్కనే."

"మిమ్మల్ని చూశాడా?"

"చూశాడు."

"ఏమైనా అన్నాడా?"

"నోరు తెరిచాడు. డోలు మోతలో వినపడలేదు."

"మీ డోలు మోతలో."

"అవును."

ఆమె మళ్లీ ఆకు తరగడం మొదలుపెట్టింది. మోపు అయిపోయేదాకా తరిగింది. తర్వాత లోపలికి వెళ్లి అత్తతో అన్న మాట కూడా అతనికి వినిపించింది. "పెద్దాయన మంచోడే అత్తా. కానీ నా మొగుడు చివరిగా చూసింది ఆ ముఖాన్ని. దాన్ని రోజూ ఎదురుగా పెట్టుకుని నేను అన్నం తినలేను."

తల్లి ఒత్తిడి చేయలేదు. కొన్నాళ్లకు సాంగ్‌యే అన్న వచ్చి ఆమెను తీసుకుపోయాడు. పైకొండల్లో ఉప్పు మోసేవాడికిచ్చి చేశారని విన్నారు.

దెచింగ్ మళ్లీ పడవ ఎక్కలేదు. ఎవరైనా పిలిచినా చేతులు బాగా లేవనేవాడు. పొలం పేరుకి ఉంది, కొండవాలులో నాలుగు మెట్లు. అది చూసుకున్నాక రోజూ షిన్‌తాన్ కింది మడుగు దగ్గరికి నడిచేవాడు. నది మింగినవన్నీ ఎప్పటికో అప్పటికి ఆ మడుగులోకే వచ్చి, సుడిలో తిరుగుతూ ఉంటాయి. పలకలు, తెడ్లు, పందులు, మనుషులు. ఎర్రపడవ వాళ్లు శవాన్ని ఒడ్డుకు లాగితే అతను ముందుగా వెళ్లి ఎడమ చెవి చూసేవాడు. చాలా రోజులు నీళ్లలో ఉన్నవాళ్లకు చెవులే మిగలవు. అప్పుడు ఎత్తు చూసేవాడు, పళ్లు చూసేవాడు. కాదని తేలాక, వచ్చిన వాడెలాగూ వచ్చాడు కనక, గొయ్యి తవ్వేవాళ్లకు సాయం పట్టేవాడు.

"నీకెందుకురా ఈ పని?" అని ఎర్రపడవ ముసలాయన ఒకసారి అడిగాడు. "మేమంటే దీని మీదే బతుకుతున్నాం."

"ఎవరో ఒకళ్లు మా వాణ్ని కూడా ఎక్కడో పూడ్చే ఉంటారు."

"ఉంటారు, ఉంటారు," అన్నాడు ముసలాయన. నమ్మినట్టు లేదు.

అలా అదే అతని పని అయింది. ఎర్రపడవలు నడిపించే ధర్మసంఘం వాళ్లు అందుకు బియ్యం కొలిచేవాళ్లు. దిక్కులేని శవాలకు కొండవాలులో ఒక జాగా ఉంది, అక్కడ గొయ్యి తవ్వడం, చాప చుట్టి దించడం, మీద రాయి పెట్టడం. ఊళ్లో పెళ్లిళ్లకు అతన్ని పిలవడం మానేశారు. దారిలో ఎదురైతే ఆడవాళ్లు పిల్లల్ని పక్కకు లాక్కునేవాళ్లు. అతను అలవాటుపడ్డాడు. కొన్నేళ్లకు చెవి చూడటం కూడా మానేశాడు. ఏ రోజున మానేశాడో అతనికే గుర్తులేదు.

మగవాళ్లంతా జడలు కత్తిరించుకున్నారు. చక్రవర్తుల పాలన పోయిందన్నారు. పొగఓడలు వచ్చి, మోకు లేకుండా, డోలు లేకుండా కొండల ఇరుకులోంచి పైకి పోవడం మొదలుపెట్టాయి. వాటి వెనక లేచే అలలకు చిన్న పడవలు బోల్తాపడేవి. కొన్నేళ్ల పాటు మడుగులో శవాలు తగ్గలేదు, పెరిగాయి. మోకు కూలీల్లో కొందరు గని పనికి పోయారు, కొందరు నల్లమందుకు పోయారు.

ఇంట్లో తల్లీ అతనూ ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్లు. వానల గురించి మాట్లాడుకునేవాళ్లు, ఉప్పు ధర గురించి, పంది కాలికి తగిలిన దెబ్బ గురించి. ఆ రోజు గురించి తల్లి ఒక్కసారి కూడా ఎత్తలేదు. రేవులో అతని చేతుల వంక చూసిన చూపు తర్వాత ఆ సంగతి మళ్లీ వాళ్లిద్దరి మధ్యకు రాలేదు. ఏటా పడవల పండగకు నది మీద డోళ్లు మోగుతుంటే ఆమె లేచి వెళ్లి తలుపు వేసేది. తనను చూడలేకే వేస్తోందని దెచింగ్ అనుకునేవాడు. ఆ పూట బయటే ఎక్కడో గడిపి చీకటిపడ్డాక వచ్చేవాడు. అతని గిన్నె మీద మూత పెట్టి ఉండేది. ఆమె పడుకుని ఉండేది.

చివరి చలికాలం ఆమె మంచం దిగలేదు. తిండి తగ్గింది. ఒక పొద్దున అతన్ని దగ్గరికి రమ్మంది.

"పెద్దోడా, నన్ను పడవలో దాటించొద్దు."

వాళ్ల పూర్వీకుల సమాధులు షియాంగ్‌షి వాగుకు అవతలి కొండ మీద ఉన్నాయి. బల్లకట్టు మీద అయితే అటు చేరడం ఎంతోసేపు కాదు. పడవ వద్దంటే వాగు వెంబడి పైకి పోయి, తాళ్ల వంతెన దాటి, కొండ చుట్టి దిగాలి. మేక దారి.

"అట్లాగే అమ్మా."

"ఈ నీరు మీ నాన్నని తీసుకుంది, వాణ్ని తీసుకుంది. నన్ను దాని మీద పెట్టొద్దు."

"పెట్టను."

ఇంకేమైనా అంటుందేమోనని అతను వంగే ఉన్నాడు. ఆమె కళ్లు మూసుకుంది. రెండు రోజులకు పోయింది.

పెట్టె మోయడానికి మనుషులు కావాలి. శవాలు పూడ్చేవాడి ఇంటికి ఎవరొస్తారని అతను మొదట ఎవరినీ అడగలేదు. చివరికి పాత మోకు కూలీల ఇళ్లకు వెళ్లి, గుమ్మం బయటే నిలబడి, తల్లి సంగతి చెప్పాడు. అందరూ వచ్చారు. ఆమె చేతి రొట్టె తిన్నవాళ్లే వాళ్లంతా. మోకు మేస్త్రి షియోంగ్ అప్పటికి బాగా పండిపోయాడు, మోయలేడు. కర్ర పట్టుకుని, పెట్టెను దించినప్పుడు నేలకు తగలకుండా కింద పెట్టే బల్లను మనవడి వీపున వేయించుకుని, తనూ వచ్చాడు.

వంగి, కాళ్లు తన్నిపెట్టి, ఒకే అడుగు వేసుకుంటూ ఎక్కారు. అలా నడవడం ఆ మనుషులకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. వంతెన దాటాక బల్ల వేసి పెట్టెను దించారు. కింద నది సన్నగా కనిపిస్తోంది. చెమట తుడుచుకుంటూ తలా ఒక రాయి మీద కూర్చున్నారు. షియోంగ్ వచ్చి దెచింగ్ పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు నువ్వు డోలు ఆపి ఉంటే," అన్నాడు ముసలాయన, "ఇప్పుడు ఈ పెట్టె మోయడానికి వీళ్లలో ఒక్కడూ ఉండేవాడు కాదు. నేనూ ఉండేవాణ్ని కాదు. ఈ మాట నీతో అనడానికి ఇన్నేళ్లూ నాకు నోరు రాలేదు."

"నాకు తెలుసు మామా."

"తెలుసనుకో. అయినా అనాల్సింది."

దెచింగ్ పెట్టె వైపు చూపు తిప్పి అన్నాడు. "అమ్మతో అని ఉంటే బాగుండేది. బతికుండగా."

షియోంగ్ అతని వంక వింతగా చూశాడు.

"అన్నానురా. ఆ ఏడే, తిరుగు ప్రయాణంలో మీ ఇంటికొచ్చి మరీ చెప్పాను. నువ్వు ఇంట్లో లేవు. నీ పెద్దకొడుకు వల్లే మేమింతమంది బతికి ఉన్నామమ్మా అన్నాను. తెలుసు నాయనా, అంది. రేవులో చూడగానే తెలిసిందట. నీకు చెప్పలేదా?"

"లేదు."

"చెప్పిందేమోననుకున్నాను."

"లేదు మామా. చెప్పలేదు."

ముసలాయన కర్రతో నేల మీద ఏదో గీశాడు. "ఆడవాళ్ల మనసు," అని మొదలుపెట్టి ఆపేశాడు. తెలిసి కూడా ఆమె ఎందుకు అనలేదో, అనడానికి ఆమెకు కూడా నోరు రాలేదో, లేక తెలియడం వేరు, కొడుకు మొహం చూసి ఆ మాట అనడం వేరో, దెచింగ్ ఆ రాయి మీద కూర్చుని ఆలోచించాడు. అడగాల్సిన మనిషి అక్కడే, బల్ల మీద, మేకులు బిగించిన మూత కింద ఉంది.

"పొద్దు వాలుతోంది," అన్నాడు ఎవరో.

దెచింగ్ లేచి ముందు కొయ్య కిందికి భుజం పెట్టాడు. మిగతావాళ్లు కూడా లేచారు. పెట్టె పైకి లేచింది. కొండ చుట్టి దిగువకు నడిచారు.

ఆమెను మొగుడి చొక్కా, చిన్నకొడుకు చొక్కా పూడ్చిన గుట్టల పక్కనే పెట్టారు. ఆ తర్వాత కూడా దెచింగ్ చాలా ఏళ్లు బతికాడు, మడుగు దగ్గర పని చేస్తూనే. కలరా వచ్చిన ఏడు పోయాడు. ఆ ఏడు పోయినవాళ్లు ఎక్కువ, మోసేవాళ్లు తక్కువ. ఎర్రపడవ వాళ్లే అతన్ని చాప చుట్టి, దిక్కులేనివాళ్ల వాలులో, అతను తవ్వి సిద్ధంగా ఉంచుకున్న ఏదో ఒక గోతిలో దించి, మీద రాయి పెట్టారు.